పాలపిట్ట బండి మీద తారు చుక్క

మా అత్తగారికి చూపు పూర్తిగా పోయిన ఏడాది చేసిన ప్రయాణం ఇది. ఎనభైల నడుమ మాట. వ్యాపారం కోసం భద్రాచలానికి మకాం మార్చినప్పుడు మామగారు తన మోటార్ సైకిల్‌ను మధిరలో మా దగ్గరే వదిలి వెళ్ళారు. దాని ట్యాంకు మీద ఒక పాలపిట్ట ఉండేది. బండి కొన్న కొత్తలో, దసరా నాడు చూస్తే శుభమనే పాలపిట్ట ఊరంతా తిరిగినా కనబడలేదని మామగారు అలిగి కూర్చున్నారట. అత్తగారు రంగుల డబ్బాలు ముందేసుకుని, "ఇగో, ఇక రోజూ చూడు" అని ట్యాంకు మీదే పిట్టను వేసేశారు. రంగు దళసరిగా పడి, రెక్కల గీతలు వేలికి తగిలేవి. "బండి ఒక్కసారి తెచ్చి చూపమను, ఆ పిట్టను తడిమి చూసుకుంటా" అని ఆమె కబురు పంపారు. అది విని మా ఆవిడ జయ వెంటనే ప్రయాణానికి రోజు చూసింది.

బండి మీద దుమ్ము పడితే నాకు కంట్లో పడ్డట్టే ఉంటుంది. బయలుదేరే ముందురోజు సాయంత్రం ఇంజిన్ చల్లారాక కడగడానికి కూర్చున్నాను. గొలుసును కిరసనాయిల్ గుడ్డతో తుడిచాను, ఆ చెయ్యి బ్రేకుల వైపు పోకుండా చూసుకున్నాను. బట్టల సోడా కోసం వెతికితే డబ్బా కనబడలేదు. రంగు మాడిపోతుందని జయ ముందే దాచేసింది! పిట్టను మాత్రం తడిపిన పాత బనీను ముక్కతో తనే తుడిచింది, పసిపిల్ల మొహం తుడిచినట్టు.

తెల్లవారుతుండగా బయలుదేరాం. ఖమ్మం మీదుగా పెద్ద రోడ్డు ఉంది కానీ, అడవి చూడాలని సత్తుపల్లి, దమ్మపేట, ములకలపల్లి మీదుగా పాల్వంచ చేరే దారి పట్టాను. సత్తుపల్లిలో ఇడ్లీ తిని టీ తాగాం, ఇద్దరికీ ఐదు రూపాయలు కూడా కాలేదు. పెట్రోల్ మాత్రం అక్కడే నింపుకోవాలి, తర్వాత దొరుకుతుందన్న నమ్మకం లేదు. దమ్మపేట దాటాక రెండు వైపులా చెట్లు దగ్గరకొచ్చేశాయి. ఇప్పపూలు రాలే కాలం. ఆ తియ్యటి మత్తు వాసనలో బండి నడుస్తోందో, తేలుతోందో తెలియలేదు. వెనక జయ నా భుజం మీద గడ్డం ఆనించి ఏదో కూనిరాగం తీస్తోంది. ఈ దారి ఇలాగే ఎప్పటికీ అయిపోకుండా ఉంటే ఎంత బాగుండు అనిపించింది.

ములకలపల్లి ఇంకా రాకముందే కొత్తగా తారు పోసిన ముక్క ఒకటి వచ్చింది. ఎదురుగా వచ్చిన లారీ చక్రం చిమ్మిన తారు నా మోకాలికీ, ట్యాంకుకీ కొట్టింది. బండి ఆపి చూస్తే పాలపిట్ట రెక్క సగం, ముక్కు కిందా నల్లగా ఉంది. జయ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అమ్మకు ఏం చూపిస్తమండీ?" అంది.

పాపం, లారీ డ్రైవర్ బండి పక్కకు తీసి పరుగెత్తుకొచ్చాడు. "గింతదానికి ఏడుస్తరా చెల్లే? పెట్రోల్ గుడ్డతోని ఒక్క గుంజు గుంజితే జల్దీ పోతది" అంటూ మా పెట్రోల్ గొట్టం వైపు చెయ్యి పెట్టాడు. నోట్లో బీడీ వెలుగుతోంది, కింద ఇంజిన్ కాలుతోంది!

"అన్నా, నీకు దండం పెడత! ముందు ఆ బీడీ అవతల పారెయ్. పెట్రోల్ పెడితే తారుతోపాటు పిట్ట గూడ పోతది" అని జయ అడ్డం నిలబడింది. అతను నాలుక కరుచుకుని బీడీని దూరంగా తొక్కి ఆర్పేశాడు.

కాస్త ముందున్న పల్లె దాకా బండి తోసుకుంటూ వెళ్ళాం. మొదటి ఇంటి ముందు ఒక ముసలమ్మ అడవి నుంచి తెచ్చిన కుంకుడుకాయలు ఆరబోస్తోంది. లోపలివాళ్ళతో తమ భాషలో ఏదో చెప్పి, మాతో తెలుగులో, "నీడకు పెట్టుర్రి, అది చల్లబడాలె" అంది. జయ సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. "పనసకాయ కోస్తే చేతి జిగురు దేంతోని పోతది? నూనెతోనే గదా" అని, ముందు ట్యాంకు అడుగున, కనబడని చోట ఒక చుక్క రాసి చూసింది. రంగు గుడ్డకు అంటలేదు. అప్పుడు తారు మీద నూనె అద్ది వదిలేసింది. నేను ఊరుకోలేక రుద్దబోతే చేతి మీద ఒక్కటిచ్చింది.

మేము ముసలమ్మ పెట్టిన జావ తాగేలోపు తారు మెత్తబడింది. జయ గుడ్డ మార్చి మార్చి అద్దుతుంటే నీలం రెక్క మెల్లగా బయటికొచ్చింది. ముసలమ్మ కుంకుళ్ళు నలిపి నురగ తెచ్చింది. "కండ్లల్ల పడనియ్యకు బిడ్డా, మంటలేస్తది" అని హెచ్చరించింది. ఆ నురగతో జిడ్డు కడిగి, మంచినీళ్ళు పోసి, పొడిగుడ్డతో అద్దాం. ముక్కు కింద ఒక్క చుక్క మాత్రం గట్టిగా పట్టుకుని వదల్లేదు. "ఇంక వద్దండీ, రుద్దితే ముక్కు లేచిపోతది" అని జయ గుడ్డ మడిచేసింది. ఎండ తగ్గేదాకా అక్కడే ఉండి బయలుదేరాం. నాకు ఆ చుక్క పాల్వంచ దాకా కంట్లో నలుసులా మెదులుతూనే ఉంది.

గోదావరి వంతెన ఎక్కేసరికి నీళ్ళన్నీ నారింజ రంగు. ఇంటి ముందు బండి ఆపగానే మామగారు అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆమె వేళ్ళు తోక దగ్గర మొదలుపెట్టి, ఒక్కో రెక్కగీత మీదుగా, మెడ మీదుగా నెమ్మదిగా నడిచాయి. ముక్కు కింద వేలు ఆగిపోయింది.

"ఇదేందే జయా? ఇది నేను వెయ్యలే."

"తారు చుక్కమ్మా. దారిలో పడ్డది. ఎంత చేసినా పోలే" అంది జయ.

అత్తగారు ఆ చుక్కను మళ్ళీ తడిమారు. తర్వాత పకపకా నవ్వారు. "పోనియ్యకుర్రి! పాపం, ఇన్నేండ్ల సంది ఉపాసమున్నది. ఇయ్యాళ పురుగు దొరికింది దానికి."

ఆ దారిలో తర్వాత చాలాసార్లు వెళ్ళాను. బండ్లు మారాయి, అంగట్లో మెరుగు పెట్టే సీసాలు రకరకాలు వచ్చాయి. కానీ ఇప్పపూల వాసన తగిలితే చాలు, నాకు నీలం రెక్క మీద నడుస్తున్న ఆ వేళ్ళే కనబడతాయి. అటు వెళ్ళేవారికి ఒక్క మాట చెబుతాను: తారు పడితే ఇంజిన్ చల్లారనిచ్చి కాస్త కొబ్బరినూనె అద్దండి, పెట్రోల్ జోలికి పోకండి. అప్పటికీ వదలని చుక్క ఉంటే, దాన్ని అలాగే వదిలేయండి.