నోరు తెరిచి ఆగిపోయిన టీచర్

నా గొంతు గురించి ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. నేను లెక్కల టీచర్ని. నా క్లాసులో తలుపులు మూసినా, కిటికీలు మూసినా నా పాఠం పక్క గదికి ఉచితంగా అందుతుంది. ఒకసారి జలుబు చేసి సెలవు పెడితే, పక్క గది సైన్సు టీచర్ మర్నాడు నన్ను ఆపి, "నిన్న మా పిల్లలకి మొదటిసారి నా పాఠం వినపడిందండీ" అంది. నేను దాన్ని పొగడ్త కింద జమ కట్టుకున్నాను. ఏదొచ్చినా పొగడ్త కింద జమ కట్టుకునే గుణం నాకు పుట్టుకతోనే వచ్చింది.

పిల్లలు నాకు పెట్టిన పేరు మైకు టీచర్. నాకు తెలియదనుకుంటారు గానీ, నిజం చెప్పొద్దూ, ఆ పేరంటే నాకు లోలోపల గర్వమే.

ఇంట్లోనూ నా గొంతుకి గిరాకీ ఉంది. మా అత్తగారికి చెవుడు. మా ఆయన కొనిచ్చిన చెవి మిషన్ డబ్బాలోంచి బయటికి రాకుండా సొరుగులోనే ఉంది. "కోడలి గొంతుండగా ఇంకో మిషన్ ఎందుకురా, దండగ!" అని ఆవిడ తేల్చేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారే, మా ఇంట్లో ఆ సామెత చెల్లదు. ఈ శంఖం వినపడి తీరుతుంది. కనీసం నేనలా అనుకునేదాన్ని.

అలాంటి గొంతు ఒకరోజు పదో తరగతిలో, వర్గ సమీకరణాల మధ్యలో, చెప్పాపెట్టకుండా పోయింది. "ఎక్స్ స్క్వే" దాకా వచ్చింది. మిగతాదంతా గాలి. పిల్లలు తలలెత్తి చూశారు. మైకు టీచర్ నిశ్శబ్దంగా ఉండటం వాళ్ళకీ కొత్తే, నాకూ కొత్తే.

డాక్టరు నోట్లో లైటు వేసి చూసి, "లోపల కాయలు కాచాయండీ. ఏం పని చేస్తారు?" అన్నాడు. "టీచర్ని" అని గాలితోనే చెప్పాను. "అదే అనుకున్నా" అని, టర్మ్ పరీక్షలయ్యేదాకా నోరు విప్పొద్దన్నాడు. గుసగుసలాడితే మరీ ప్రమాదమట. "రాసి చూపించండి, సైగలు చేయండి. మాట్లాడారో, ఆపరేషనే." బయటికొస్తూ మా ఆయన ముఖం చూశాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ ముఖం అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. ఇంటికెళ్ళాక చెబుతాననుకున్నాను. ఏం చెబుతాను, నా బొంద!

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. మా ప్రధానోపాధ్యాయురాలిని అందరం పెద్ద మేడం అంటాం. ఆవిడ నన్ను గదికి పిలిచి, "పదో తరగతి కొత్తగా వచ్చిన లెక్కల సార్‌కి ఇచ్చేద్దామండీ. మీరు లైబ్రరీ చూసుకోండి. అక్కడ ఎలాగూ మాట్లాడకూడదు" అంది.

ఆ పిల్లలకి ఆరో తరగతి నుంచి లెక్కలు చెబుతున్నది నేనే. ఏటా వాళ్ళతోపాటే నేనూ పై తరగతికి వచ్చాను. ఇప్పుడు ఆఖరి ఏడు, పెద్ద పరీక్షల ఏడు, వాళ్ళని ఇంకొకరి చేతిలో పెట్టాలా? పోనీ కొత్త సార్ చెడ్డవాడైతే తిట్టుకుని మనసు తేలిక చేసుకునేదాన్ని. మంచివాడు, నెమ్మదస్తుడు. అదే నా ఏడుపు. పలక మీద "ఇవ్వను" అని రాసి చూపించాను. చాలదనిపించి కింద రెండు గీతలు కూడా గీశాను.

పెద్ద మేడం నిట్టూర్చింది. "సరే, టర్మ్ పరీక్షలయ్యేదాకా చూస్తాను. పిల్లలు వెనకబడ్డారో, క్లాసు ఆయనది. అప్పుడు గొడవ చేయకూడదు మరి."

గొడవ చేయడానికి గొంతేదీ! తలూపి వచ్చేశాను.

నా ధైర్యమంతా నా పాఠాల వీడియోలు చూసుకుని. మా క్లాసు గోడకి రెండేళ్ళ కిందట పెద్ద తెర బిగించారు. "నేనుండగా తెర దేనికండీ!" అని మీటింగులో లేచి అన్నది నేనే. ఆ తర్వాత దాన్ని జడ సర్దుకోవడానికి మాత్రమే వాడాను. ఆపి ఉన్నప్పుడు అద్దంలా బాగా కనిపిస్తుంది. కిందటేడు పైనుంచి ఆర్డరొచ్చి ప్రతి టీచరూ పాఠాలన్నీ రికార్డు చేసి ఇవ్వాల్సొచ్చింది. మా ఆయనకి ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోల తెల్ల గుడ్డ ముందు నిలబడి పదో తరగతి లెక్కలన్నీ ఏకబిగిన చెప్పేశాను. ఎడిటింగుకి కూర్చున్న మా ఆయన తల పట్టుకున్నాడు. "ఎక్కడ కట్ చేయమంటావే? ఊపిరైనా పీల్చవు. ఒక్కచోట సందు లేదు." అదీ పొగడ్త కిందే జమ.

సరే, ఆ వీడియోలు తెర మీద పెట్టి, నేను పలక పట్టుకుని ఆఖరి బెంచీలో కూర్చున్నాను. నా పక్కన పొడుగమ్మాయి. వెనకవాళ్ళకి అడ్డమని ఆరో తరగతి నుంచీ ఆ పిల్లని ఆఖరి బెంచీలోనే కూర్చోబెట్టాను. "అర్థమైంది టీచర్" అని అందరికంటే గట్టిగా అనేది తనే. అందుకని నాకు ముద్దు.

తెర మీద నేను మొదలయ్యాను. అబ్బ, ఏం చెప్పానండీ! ఆ ధాటి, ఆ చెయ్యి తిప్పడం! కాకి పిల్ల కాకికి ముద్దన్నారు గానీ, కాకికి కాకే ఇంత ముద్దని ఎవరూ చెప్పలేదు. పెదవులు కదుపుతూ నాతోపాటు నేనూ చెప్పుకుంటున్నాను. ఇంతలో తెర మీది నేను వేలెత్తి, "వెనక బెంచీ! ఏంటా గుసగుసలు? పెదాలు కదుపుతున్నావు, నాకు కనపడటం లేదనుకున్నావా?" అని గద్దించాను. ఖాళీ స్టూడియోలో కూడా అలవాటు కొద్దీ ఎవర్నో ఒకర్ని తిట్టానన్నమాట. క్లాసంతా వెనక్కి తిరిగి నన్నే చూసింది. నేను పెదాలు మూసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాను. భయమేసింది కూడా.

అలా కొన్నాళ్ళు గడిచాక చిన్న పరీక్ష పెట్టాను. పేపర్లు దిద్దుతుంటే ఎర్ర సిరా చాల్లేదు. సగం మందికి పైగా మొదటి లెక్కలోనే బోల్తా పడ్డారు. పొడుగమ్మాయి పేపర్లో లెక్క నంబర్లు మాత్రం చాలా అందంగా వేసి ఉన్నాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తెర చిన్నదన్నాను, స్పీకరు బొంగురన్నాను, ఫ్యాను చప్పుడన్నాను. అన్నీ పలక మీద రాసి పెద్ద మేడంకి చూపించాను. ఆవిడ చదివి, "టర్మ్ పరీక్ష దగ్గర పడుతోందండీ" అని ఊరుకుంది. కారిడార్లో కొత్త సార్ ఎదురై, "ఏమైనా సాయం కావాలా మేడం?" అన్నాడు పాపం. గోరుచుట్టు మీద రోకటిపోటు. కావాల్సింది కాస్త తిట్టుకునే వీలు, అది తప్ప అన్నీ ఇచ్చేలా ఉన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మా అత్తగారితో పలక మీదే మాట. "కాళ్ళనొప్పి మందు వేసుకున్నారా?" అని రాశాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, తీరిగ్గా చదివి, "లేదమ్మాయ్. ఆ తెల్లమాత్ర వేసుకుంటే కడుపులో మంట. మానేసి చాలాకాలమైంది" అంది.

నాకు మతిపోయింది. రోజూ అడుగుతాను కదా, రోజూ తలూపుతారు కదా అని గబగబా రాశాను.

"ఊపుతాను. నువ్వేదో అంటావు, సగమే వినపడుతుంది. మళ్ళీ చెప్పమందామనుకునేలోపు నువ్వు ఇంకో మాటలో ఉంటావు. నువ్వు ఆగవుగా తల్లీ! పెద్దగా అంటావు గానీ, ఆగవు." పలక నా చేతిలో పెట్టి ఆవిడ నవ్వింది. "ఇదే బాగుంది. ఇన్నేళ్ళకి మనిద్దరం మాట్లాడుకుంటున్నాం."

నేను నవ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియక వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా సర్దాను. ఆ చప్పుడూ ఆవిడకి వినపడలేదు.

మర్నాడు ఆఖరి బెంచీలో కూర్చున్నానన్నమాటే గానీ, కళ్ళు తెర మీద లేవు, పక్కనున్న పిల్ల మీద ఉన్నాయి. తెర మీది నేను లెక్క చేసి, "అర్థమైందా? ఆఁ, తర్వాత..." అన్నాను. పొడుగమ్మాయి నోరు తెరిచింది. మూసేసింది. తల ఊపింది. కాసేపటికి మళ్ళీ, "అర్థమైందా? ఆఁ, తర్వాత..." మళ్ళీ అదే. మా ఆయన చెప్పిన మాట అప్పుడు బుర్రకెక్కింది. ఒక్కచోట సందు లేదు. ఆ "ఆఁ" కూడా పిల్లలది కాదు, నాదే! ప్రశ్నా నేనే, జవాబూ నేనే. మధ్యలో పిల్లలెందుకు, దిష్టిబొమ్మల్లాగా?

లేచి వెళ్ళి రిమోట్ తీసుకున్నాను. ఈసారి "అర్థమైందా?" అనగానే నొక్కాను. తెర మీద నేను ఆగిపోయాను. నోరు ఇంత బారున తెరిచి, ఒక కన్ను సగం మూసి ఉంది. అలాంటి ఫోటో తీస్తే మా ఆయన డబ్బులు వాపసిచ్చేస్తాడు. క్లాసు పగలబడి నవ్వింది. నవ్వనిచ్చాను. నవ్వులు ఆగిపోయాయి. నేను వీడియో మళ్ళీ మొదలుపెట్టలేదు.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ భరించలేదు. గొంతులో దురద. "ఏం, చెప్పండి! నోట్లో ఏముంది?" అని అరవాలని ప్రాణం కొట్టుకుంటోంది. డాక్టరు ఆపరేషన్ మాట అనకపోతే అరిచేదాన్నే. ముందు బెంచీవాళ్ళు "అర్థమైంది టీచర్" అన్నారు. నేను కదల్లేదు. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆఖరికి వెనక నుంచి పొడుగమ్మాయి లేచి నిలబడింది.

"కాలేదు టీచర్."

పలక మీద రాసి ఎత్తి చూపించాను. "ఎక్కడి నుంచి?"

ఆ పిల్ల తల దించుకుంది. "ఆరో తరగతి నుంచి, టీచర్."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆరో తరగతి నుంచీ వాళ్ళని నా చేతుల మీద పెంచానని కదా నేను విర్రవీగుతున్నది!

"సమానం గుర్తు దాటితే ప్లస్సు మైనస్ అవుతుందని చెప్పారు కదా టీచర్. ఎందుకవుతుందో నాకు తెలీదు. అడుగుదామని అప్పుడే అనుకున్నా."

నాకూ, నాకూ అని ఇంకో నాలుగైదు గొంతులు వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద తక్కెడ గీశాను. ఒక పళ్ళెంలోంచి రెండు తూకపురాళ్ళు చెరిపి, రెండో పళ్ళెం వైపు చూపించి ఊరుకున్నాను. "అటు కూడా రెండు తీయాలి టీచర్, లేకపోతే ఒరిగిపోతుంది" అని ముందు బెంచీలోంచి ఒకడన్నాడు. పొడుగమ్మాయి బోర్డు దాకా వచ్చి, తనే ఇంకో తక్కెడ గీసి, రెండు వైపులా చెరిపి, దాన్నే చూస్తూ నిలబడిపోయింది. "దాటడం కాదా టీచర్! రెండువైపులా తీసేయడమా! ఇంతేనా!" అంది. ఇంతే. ఈ ఇంతకే దాన్ని ఇన్నేళ్ళు తలూపించాను.

ఆరోజు నుంచి రిమోట్ పొడుగమ్మాయి చేతికి ఇచ్చాను. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ నొక్కడం, ఎవరికి తెలిస్తే వాళ్ళు బోర్డు దగ్గరికొచ్చి చెప్పడం. తెర మీది నన్ను నోరు తెరిచినట్టే ఆపడంలో ఆ పిల్లకి మంచి నేర్పు వచ్చింది. పాఠం నత్తనడక నడిచింది. సైన్సు టీచర్ కిటికీలోంచి తొంగిచూసి, "మీ గదిలోంచి పిల్లల గొంతులొస్తున్నాయండీ, అంతా బాగానే ఉందా?" అంది.

టర్మ్ పరీక్షలో మార్కులు ఆకాశానికేం ఎగరలేదు. పడిపోవడం ఆగి, కాస్త లేచాయి. పెద్ద మేడం కాగితాలు అటూ ఇటూ తిప్పి, "ఎటూ తేల్చుకోలేకపోతున్నానండీ. మీకు గొంతు రానీండి, నేనొచ్చి క్లాసులో కూర్చుంటా. అప్పుడు చూద్దాం" అంది.

డాక్టరు మాట్లాడమన్న రోజు రానే వచ్చింది. పెద్ద మేడం ఆఖరి బెంచీలో, పొడుగమ్మాయి పక్కన కూర్చుంది. నేను సుద్దముక్క పుచ్చుకుని నోరు తెరిచాను. ఇన్నాళ్ళు కట్టేసిన గొంతు! ఆగుతుందా? కొత్త పాఠం, మొదటి లైను, రెండో లైను, మూడో లైను. పక్క గది సైన్సు టీచర్ కిటికీ మూసుకున్న చప్పుడు కూడా వినిపించింది. పెద్ద మేడం చూస్తోందన్న హుషారులో "అర్థమైందా? ఆఁ, తర్వాత..." అనేశాను.

వెనక బెంచీలో ఒక చెయ్యి లేచింది. చేతిలో రిమోట్. తెర ఆపి ఉంది. పొడుగమ్మాయి దాన్ని సూటిగా నా వైపు పెట్టి నొక్కింది.

పెద్ద మేడం కనుబొమలు పైకి లేచాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పెద్ద మేడం ముందు, నా క్లాసులో, నా మీదే రిమోట్ నొక్కుతుందా? కడిగి పారేద్దామని నోరు బారున తెరిచాను. అలా తెరిచినట్టే ఆగిపోయాను. అవతల ఆ పిల్ల తల దించుకోలేదు. నాకోసం ఎదురు చూస్తోంది.

"ఎక్కడి నుంచమ్మా?" అన్నాను. నా గొంతు అంత చిన్నగా కూడా వస్తుందని నాకప్పుడే తెలిసింది.

"రెండో లైను నుంచి, టీచర్."

రెండో లైను. ఆరో తరగతి నుంచి రెండో లైనుకి వచ్చేసింది నా తల్లి.

పెద్ద మేడం లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, "కొత్త సార్‌కి ఎనిమిదో తరగతి ఇస్తాన్లెండి" అని బయటికి వెళ్ళిపోయింది. నేను మూడో లైను, రెండో లైను చెరిపేసి, సుద్దముక్క పొడుగమ్మాయికి ఇచ్చి, వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాను.