బైమంత్లీ నాన్న

ప్రెస్సులో అతన్ని అందరూ పిన్నుల మాస్టారు అనేవారు. పత్రికలకు పిన్నులు కొట్టే యంత్రం దగ్గర పనికి చేరేనాటికి అతనికి మీసాలు కూడా సరిగా రాలేదు. ఆ యంత్రం దగ్గరే పెళ్లిచూపుల కబురు విన్నాడు, కూతురు పుట్టిందన్న ఫోనూ అక్కడే ఎత్తాడు.

అతనికి వచ్చిన ఇంగ్లీషంతా పత్రికల అట్టలు నేర్పిందే. వీక్లీ అంటే పల్చటి కాగితం, వేళ్లకు అంటుకునే సిరా, ఊపిరాడని హడావిడి. ఫోర్ట్‌నైట్లీ అంటే సినిమా తారల బొమ్మలు, చేతిలోంచి జారిపోయే నున్నటి అట్ట. మంత్లీ ఆడవాళ్లది, మధ్యలో కుట్టుపని నమూనా మడిచిపెట్టాలి. క్వార్టర్లీ ఎవరో ప్రొఫెసర్లది, చదివేవాళ్లు ఉన్నారో లేదో తెలీదు. బైమంత్లీ పశువైద్యుల పత్రిక. రెండు నెలలకోసారి వచ్చేది. లావుగా ఉండటంతో దానికి పిన్ను దిగదు, వీపుకు జిగురు పూయాల్సిందే. కొత్తగా చేరినవాళ్లు ఈ మాటలకు బిక్కమొహం వేస్తే, "కట్ట ఎత్తి చూడు, ఏ పత్రికో చెయ్యే చెబుతుంది" అనేవాడు.

అతని భార్య పళ్ల ఆసుపత్రిలో రిసెప్షన్ చూసుకునేది. ఇద్దరూ చెడ్డవాళ్లేం కాదు. కాకపోతే ఇద్దరికీ నోరు పెగలదు. ఒకరు మొహం ముడుచుకుంటే రెండోవారు ఎందుకని అడగరు, మొదటివారు ఇందుకని చెప్పరు. కొత్తల్లో అలక అనుకున్నది పోనుపోను ఇంట్లో గాలిలా నిండిపోయింది. పాప రెండో తరగతిలో ఉండగా విడిపోయారు.

రాజీ కుదిర్చిన కౌన్సెలర్ ఫైళ్ల గుట్ట వెనక నుంచి గడియారం చూసుకుంటూ తేల్చేసింది. "పాప తల్లి దగ్గరే ఉంటుంది. తండ్రికి బైమంత్లీ విజిట్స్. మొదటిది వచ్చే ఆదివారం. ఓకేనా?"

ఇద్దరూ తలూపారు. బయట వరండాలో తలో దిక్కుకూ నడిచారు.

కన్నకూతుర్ని రెండు నెలలకోసారి చూడ్డమేంటి? నా మొహం చూడటం ఇష్టంలేక భార్యే అలా అడిగించి ఉంటుంది అనుకున్నాడు. కౌన్సెలర్ని అడగలేదు, ఆవిడనీ అడగలేదు. గదిలో క్యాలెండర్ మీద రెండు నెలలకో ఆదివారానికి సున్నా చుట్టుకుని, ఆ రోజుకు ఇస్త్రీ చొక్కా తీసిపెట్టుకునేవాడు. వాన వచ్చినా, ఒంట్లో బాగాలేకపోయినా సున్నా చుట్టిన ఏ ఆదివారమూ తప్పలేదు.

మొదటిసారి పాప మెడకు చుట్టుకుపోయింది. తర్వాత్తర్వాత చెయ్యి పట్టుకోవడం మానేసింది. పార్కులో బెంచీకి ఆ చివర కూర్చుని, అడిగినదానికి ముక్తసరిగా జవాబు చెప్పేది. పిల్ల పెద్దదవుతోంది కాబోలు అని సర్దిచెప్పుకున్నాడు.

అలా ఏడాది తిరిగింది. ఒక ఆదివారం పాపను మాటల్లోకి దింపుదామని, "వచ్చేసారి స్కేటింగ్‌కి వెళ్దామా తల్లీ?" అన్నాడు.

"వద్దు."

"భయమా?"

"నువ్వు రావుగా. అమ్మ నాకు జడలేసి రెడీ చేస్తుంది. నేను మెట్ల మీద కూర్చుంటా. నువ్వు రావు. మళ్లీ ఎప్పుడో వస్తావు."

"చెప్పిన ప్రతిసారీ వచ్చానుగా!"

"అబద్ధం" అంది పాప, చెప్పు కొనతో మట్టి గీరుతూ.

ఎప్పుడూ పాపని గేటు దగ్గరే వదిలేసి వెళ్లేవాడు. ఆ రోజు వెంట మెట్లెక్కాడు. భార్య తలుపు తీసి, అతన్ని చూసి కొయ్యబారిపోయింది.

"పాపని నాకోసం రెడీ చేసి కూర్చోబెడుతున్నావా?" అని అడిగాడు.

"కూర్చోబెట్టక? మీ నాన్న రారు, లోపలికి పో అని చెప్పమంటారా?"

"రాకపోవడమేంటి? బైమంత్లీ అన్నారు, బైమంత్లీగానే వస్తున్నా."

"నెలకి రెండుసార్లు రావాల్సిన మనిషి రెండు నెలలకోసారి తొంగిచూస్తే, దాన్ని రావడమంటారా?"

"బైమంత్లీ అంటే రెండు నెలలకోసారే! చిన్నప్పట్నించి ఆ పత్రికకి జిగురు పూస్తున్నవాణ్ని, నాకు తెలీదా?"

"నెలకి రెండుసార్లు! మా ఆసుపత్రిలో జీతాలు బైమంత్లీ. మీ లెక్కన ఇస్తే మేం గాలి భోంచెయ్యాలి."

ఇద్దరి గొంతులూ లేచాయి. పక్కింటి తలుపు ఓరగా తెరుచుకుని మళ్లీ మూసుకుంది. ఆవిడ విసురుగా ఫోన్ తీసి నిఘంటువులో ఆ మాట వెతికింది. చదివింది. మొహంలో రంగు మారింది. ఫోన్ అతని చేతికిచ్చింది. రెండు అర్థాలూ ఒకదాని కింద ఒకటి తీరిగ్గా కూర్చుని ఉన్నాయి.

"రెండూనట" అన్నాడు నీరసంగా.

"ఎందుకు రావట్లేదని ఫోన్ చేద్దామని ఎన్నిసార్లో అనుకున్నా. పాప మీకు బరువైపోయిందేమో, బతిమాలడమెందుకని ఊరుకున్నా."

"ఇంత తక్కువేంటని నేనూ అడగాల్సింది. నీకే ఇష్టం లేదనుకున్నా."

పాప ఒకసారి తల్లి వంకా, ఒకసారి తండ్రి వంకా చూసింది. "అంటే నాన్న తప్పేం లేదా?"

"లేదమ్మా" అంది తల్లి.

"అమ్మ తప్పూ లేదు" అన్నాడతను.

"మరి నేను కూర్చున్నా కదా?"

అతను మోకాళ్ల మీద కూర్చుని, "ఇకనుంచి ప్రతి ఆదివారం వస్తా. రాలేకపోతే ముందురోజే నీకు ఫోన్ చేస్తా" అన్నాడు. పాప చెప్పులు విప్పి లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ మాత్రం అలాగేనన్నట్టు తలుపు వెడల్పుగా తీసి, మంచినీళ్లు తెచ్చిచ్చింది.

వీక్లీకి పిన్నులు కొట్టేది ఆదివారాలే; ప్రతి ఆదివారం ఖాళీ ఉండాలంటే ఆ పని వదులుకోవాలి. ఫోర్‌మన్ నొసలు చిట్లించాడు. "నీ చెయ్యి పడకపోతే ఆ యంత్రం మొరాయిస్తుందయ్యా!" అన్నాడు. కటింగ్ విభాగంలో అయితేనే ఆదివారం సెలవు దొరుకుతుంది. అక్కడికి మారి, ఒకప్పుడు తన చేతి కింద పనిచేసినవాళ్ల దగ్గరే మొదటినుంచి పని నేర్చుకున్నాడు. కాగితం అంచులు వంకరపోయి కొన్నాళ్లు మాటలు పడ్డాడు కూడా.

పాప వెంటనే కరగలేదు. చాలా ఆదివారాలు అతను గంట కొట్టాకే చెప్పుల కోసం వెతుక్కునేది. స్కేటింగ్‌కి వెళ్లిన రోజు అతనే గోడ పట్టుకుని వేలాడుతూ నలుగురి మధ్యా చతికిలబడ్డాడు. పాప పడీపడీ నవ్వి, చెయ్యి అందించి లేపింది. ఆ చెయ్యి మళ్లీ వదల్లేదు.

భార్యాభర్తలు మళ్లీ కలవలేదు. ఆ ఊసూ ఎత్తలేదు. అయితే ఇప్పుడు ఆవిడ ఫోన్ చేస్తుంది. "పాపకి జ్వరం. రేపు స్కేటింగ్ కుదరదు. అయినా వస్తారా?" అని అడుగుతుంది. అతను కత్తెర యంత్రం ఆపి, రెండో చెవిలో దూది కూడా తీసేసి, "వస్తున్నా. మందులేమైనా తేవాలా?" అంటాడు.