కాన్పయ్యాక పెరిగిన కడుపు

నా కూతురు మంజులకు ఉదయం పదకొండింటికి కాన్పయింది. ఆడపిల్ల. మధ్యాహ్నం రెండు దాటాక, మంజుల కడుపు మళ్ళీ పెరుగుతున్నట్టు అనిపించింది.

బాగేపల్లిలో ఆస్పత్రి వార్డులో ఉన్నాం. మా ఊరు పాతపాళ్యలో ఆడవాళ్ళందరూ చేసేదే నేనూ చేశాను. బిడ్డ దిగిన చోట గాలి చేరకుండా పాత నూలుచీర మడిచి నడుముకు బిగించి కట్టాను. నర్సు కంటబడకుండా పైన దుప్పటి కప్పాను.

"అమ్మా, లోపల ఎవరో పైకి జరుగుతాండారు," అంది మంజుల.

"గాలిలేమ్మా," అని ఇంకో చుట్టు బిగించాను.

పక్క మంచం అవ్వ నవ్వింది. "ఇంకోటి దాక్కోనుండాదేమో, పేరుపెట్టి పిలువమ్మా, వస్తాది!"

నేనూ నవ్వాను. మంజుల నవ్వలేదు. పెదవులు తెల్లబడ్డాయి. పక్క మీద నెత్తురు మరక చిన్నదే, అందుకే మోసపోయాను. కట్టు మీదుగా బొడ్డు పైకి ఉబ్బు లేచింది. చెయ్యి పెడితే తడిపిన పిండిలోకి దిగినట్టు దిగింది. బిడ్డ పక్కనే నిద్రపోతోంది. ఖాళీ అయిన కడుపు నిండుతోంది.

నా కేకకు నర్సు పరుగెత్తుకొచ్చి కట్టు కత్తిరించింది.

"ఎవరమ్మా ఇది కట్టింది?"

"నేనే."

కడుపు నొక్కితే నెత్తురు గడ్డలు గడ్డలుగా పడింది.

డాక్టరమ్మ వచ్చి కడుపు మసాజ్ చేస్తూనే చెప్పింది. "తొమ్మిది నెలలు ప్రొజెస్టెరాన్ అనే హార్మోను గర్భసంచి కండరాన్ని నిద్రపుచ్చుతాది. కాన్పయినాక ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోను దాన్ని ముడుచుకునేట్టు చేయాల, అప్పుడే రక్తనాళాలు మూసుకుంటాయి. ఈయమ్మది ముడుచుకోలేదు. ఏటోనీ అంటారు. కట్టుండేసరికి మాకు కనపడలేదు."

గర్భసంచి ముడుచుకునే మందు డ్రిప్‌లో పెట్టారు. గట్టిపడింది. పావుగంటకు మళ్ళీ మెత్తబడింది. చిక్కబళ్ళాపురం పెద్దాస్పత్రికి పంపితే, అక్కడికి చేరేదాకా ఆంబులెన్సులో నర్సు కడుపు మీద చెయ్యి తీయలేదు. అక్కడ నెత్తురు ఆపడానికి గర్భసంచి లోపల బెలూన్ పెట్టి, రక్తం ఎక్కించారు. అప్పటికీ ఆగకుంటే గర్భసంచి తీయాలని, తీసినా బతుకుతుందని చెప్పలేమని అన్నారు. అల్లుడు సంతకం పెట్టాడు. చాలాసేపటికి డాక్టర్ బయటికొచ్చి, "గట్టిపడిందమ్మా, తీయక్కర్లేదు," అన్నాడు.

ఇప్పుడు పిల్లకు ఎనిమిది నెలలు. మంజుల చింతామణిలో అత్తగారింట్లో ఉంది. మొదటి వారాల్లో పిల్ల పాలు పట్టగానే కడుపు ముడుచుకుని నొప్పి పుట్టేదట. "ఆ నొప్పి వస్తేనే నాకు ధైర్యమమ్మా," అంది. నేను మాత్రం ఆమెను చూడ్డానికి వెళ్ళినప్పుడు, నిద్రపోతుంటే ఇప్పటికీ కడుపు వైపే చూస్తాను.

ఒక్కటే చెబుతాను. కాన్పయిన రోజు నడుముకు ఏదీ కట్టకండి. నర్సునడిగి బొడ్డు కింద చెయ్యి పెట్టి చూడండి. గర్భసంచి మారేడుకాయలా గట్టిగా తగలాలి. మెత్తగా ఉన్నా, పైకి లేస్తున్నా, వార్డంతా తిరిగి చూసినా సరే, కేకేయండి.