మర్జియే ఖానుమ్ వదలని అధ్యాయం

మర్జియే సబూరీ పరాయి దేశాలవాళ్లకు అమ్ముడుపోయిందని మా పుణ్యక్షేత్రం కోమ్‌లో కొందరంటారు. మతగ్రంథంలో సొంత మాటలు చొప్పించిందని మరికొందరు. భయపడి పని మధ్యలోనే వదిలేసిందని ఆమె వీధివాళ్లే చెబుతారు. ఆమె అనువాదాన్ని మూలంతో వాక్యం వాక్యం సరిచూసినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక, ఈ మాటల్లో నిజమెంతో చెప్పవలసిన బాధ్యత నాది.

హాజీ ఆగా మొయీనీ, తన దివంగత తండ్రి రాసిన ప్రార్థనల వ్యాఖ్యానాన్ని ఫారసీ నుంచి ఇంగ్లీషులోకి తేవాలనుకుని, అనువాదకుణ్ణి వెతికిపెట్టమని నన్ను అడిగారు. ఇంగ్లీషు వచ్చినవాళ్లకు శాస్త్రం తెలియదు; శాస్త్రం తెలిసినవాళ్లు రాసిన ఇంగ్లీషు చదవలేం. చాలా వెతికాక మర్జియే దొరికింది. బాలికల మదర్సాలో పాఠాలు చెబుతూ మంచం పట్టిన తల్లిని చూసుకునేది. ఆ మదర్సా మొయీనీల చేతిలోనే ఉండేది.

చివరి అధ్యాయం వరకు పని సాఫీగా సాగింది. అందులో మొయీనీ తండ్రి, భక్తి పేరు చెప్పి యాత్రికుల కానుకలు దండుకునేవారిని, తన ఇంటివారితో సహా, కఠినంగా ఖండించారు.

మొయీనీ సోహాన్ మిఠాయి డబ్బాతో ఆమె ఇంటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆ డబ్బా ఎవరూ తెరవలేదు.

"ఖానుమ్, ఈ అధ్యాయం గురించి ఇస్తిఖారె చూశాను. ఖురాను తెరిస్తే చెడ్డగా వచ్చింది. వదిలేద్దాం."

ఖురాను తెరిచి, వచ్చిన వాక్యాన్ని బట్టి దైవసమ్మతి తెలుసుకోవడమే ఇస్తిఖారె; మా ఊళ్లో ఆ మాట ఎత్తాక ఇక వాదన ఉండదు. కుదిరిన సంబంధాలు సైతం ఆగిపోతాయి. మర్జియే టీ గ్లాసు ఆయన ముందుకు జరిపింది.

"ఎటూ తేలనప్పుడు కదా హాజీ ఆగా, ఇస్తిఖారె చూసేది? నమ్మి అప్పగించిన సొమ్ము తిరిగివ్వాలా వద్దా అని ఎవరైనా చూస్తారా? పోయినాయన మాట కూడా నాకు అప్పగించిన సొమ్మే."

"మా నాన్న మాట నాకే నేర్పుతారా?"

"మీరు చదివే ఉంటారనుకున్నానండీ ఇన్నాళ్లూ."

ఆయన నవ్వారు. లోపలి గదివైపు చూసి, "అమ్మగారికి ఒంట్లో ఎలా ఉంది?" అని మెల్లగా అడిగారు.

తర్వాత ఆమె వీధి మొదట్లో నంబరు పలక లేని కారొకటి నిలిచి ఉండేది. రొట్టెల దుకాణం వాడు సలాము చెప్పడం మానేశాడు. మదర్సా ఆమెను రావద్దంది. అయినా ఆమె మొత్తం ప్రతిని తెచ్చి నా ఎదుటే మొయీనీ చేతికిచ్చింది. ఆ వారంలోనే ఇంటికి తాళం పడింది. తల్లిని బంధువులు కాషాన్ తీసుకెళ్లారు. మర్జియేను ఎవరైనా తీసుకెళ్లారా, తానే వెళ్లిందా, నాకు తెలియదు, తెలియనిది రాయను.

అచ్చయిన ఇంగ్లీషు పుస్తకంలో చివరి అధ్యాయం లేదు. ఆమె ఇచ్చిన ప్రతిలో ఉంది. మర్జియే సబూరీ ఆ గ్రంథానికి ఏదీ కలపలేదు, అందులోంచి ఏదీ తీయలేదు. మొత్తం అనువదించి అప్పగించింది.