బొట్టు పెట్టిన గుంజల పందెం

ఆ రోజుల్లో కోయంబత్తూరులో మాకు పొద్దు తెలిసేది మిల్లు సైరనుతో. మంచంటే మార్గళి నెలలో మేట్టుపాళయం బస్సు అద్దం మీద చేత్తో తుడిచేపాటిదే. అలాంటి ఊళ్ళో మంచు మీద ఆడే ఆటొకటి నా పెళ్ళిని తేల్చిందంటే మా మనవళ్ళు నమ్మరు.

నేను మిల్లులో అప్రెంటిసుగా చేరిన కొత్త. చలిదేశంలో శిక్షణ పొందివచ్చిన మా స్పిన్నింగ్ మాస్టరు, మిషన్లు ఆగే ఆయుధపూజ నాడు, పూజయ్యాక, సైకిళ్ళతో 'స్లాలమ్' పెడతానన్నాడు. కాళ్ళకు పలకలు కట్టుకుని, కొండ మీంచి మంచులో జారుతూ, నాటిన గుంజల మధ్య వంకర్లు తిరుగుతూ దిగే పందెమట అది. (మాకు మంచు లేదు గనుక మిల్లు వెనక మైదానంలో, సరుగుడు గుంజలతో.) "ఒగ గుంజకి ఎడమగా, తర్వాతదానికి కుడిగా పోవాల. ఒగటి విడిచినా అవుట్. ఎవడు సీక్రం వస్తే వాడిదే గెలుపు. పురిసిందా?" అన్నాడు.

సరిగ్గా ఆ రోజే సూలూరు నుంచి దూరపు వరస మామ ఒకాయన, తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని, పూజ వంకతో నన్ను చూడ్డానికి వచ్చాడు. "పయ్యన్ సురుకైనోడా కాదా, చూస్తాం" అని మా అమ్మతో ముందే అన్నాడు. ఆ అమ్మాయిని ఒక పెళ్ళిపందిట్లో చూసి అప్పటికే మనసు పారేసుకున్న నాకు గెలవడం తప్ప దారి లేదు.

తీరా బయలుదేరి చూద్దును గదా, ప్రతి గుంజకీ పసుపూ కుంకుమా! ఆయుధపూజ నాడు కొత్తగా నాటారంటే పూజకేననుకుని, మామ తల్లి, ఆ అవ్వ, ఓపిగ్గా అన్నిటికీ బొట్లు పెట్టేసింది. మిగతావాళ్ళు అవేమీ చూడకుండా దూసుకుపోయారు. నాకు మాత్రం హ్యాండిల్ తిరగలేదు. బొట్టు పెట్టినదాన్ని ఎడమచేతి వైపు ఉంచి దాటకూడదని మా ఇంట్లో ఉగ్గుపాలతో నేర్పారు మరి. అందుకని ప్రతి గుంజకీ నిండుగా ఒక ప్రదక్షిణం చేసి (మధ్యలో చేతులొదిలి దండం కూడా పెట్టానంటారు, అది శుద్ధ అబద్ధం) నేను చేరేసరికి గెలిచినవాడు బహుమతి పుచ్చుకుని టీ తాగుతున్నాడు. "తప్పేం లేదప్పా, ఒగ గుంజనూ విడవలేదు" అన్నాడు మాస్టరు నవ్వాపుకుంటూ.

మామ నవ్వలేదు. "ఇంత మెల్లంగా ఉండాడే పయ్యన్. వద్దులేమ్మా, పోదాం" అన్నాడు తల్లితో. నా ప్రాణం ఉసూరుమంది. అవ్వ మాత్రం కదల్లేదు.

"నువ్వు సుమ్మా ఉండరా. బొట్టు పెట్టిన కట్టెనే అట్ల విడిచి పోలేనోడు, బొట్టు పెట్టిన పెండ్లాన్ని విడిచి పోతాడా?"

మామ కాసేపు పూజ బొరుగులు నమిలి, "సెరి" అన్నాడు.

ఆ మిల్లు మూతపడింది, అవ్వా లేదు. మొన్న టీవీలో అసలు స్లాలమ్ చూపించారు. వాళ్ళు గుంజల్ని భుజాలతో తోసేసుకుంటూ దిగిపోతున్నారు. "మీరైతే ఇంకా మొదటి గుంజకాడే తిరగతా ఉందురు" అంది మా ఆవిడ. ఉందునేమో. ఆ సైకిలు కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ వాడా రోజు అందరిలా దూసుకుపోయి ఉంటే, ఈ మాట అనడానికి నా పక్కన ఈవిడ ఉండేదో లేదో.