మూడేళ్ల చుట్టి

ఎల్లారెడ్డిలో మా ఆఫీసంటే ఒక అద్దె గది, రెండు కుర్చీలు, తలుపు మీద అంటించిన ఖాళీల కాగితం. పని లేనివాళ్లను పని ఉన్నచోటికి చేర్చడం నా ఉద్యోగం. వినడానికి సులువుగానే ఉంటుంది. కామారెడ్డి రైస్ మిల్లులవాళ్లు మనుషులు దొరకడం లేదని రోజూ నాకు ఫోన్ చేసి సతాయించేవారు. ఊళ్లలోనేమో ఏళ్ల తరబడి పని లేని మగవాళ్లు మంచాల మీద కూర్చుని ఫోన్లు చూసుకునేవారు. మధ్యలో నేను, నా స్కూటీ, నా నోరు. ఆ నోటికి అడ్డూ అదుపూ లేదని మా ఇంట్లోవాళ్లూ అంటారు.

ఆ యాసంగి పంటకు వరికోత మిషన్లు నడిపేవాళ్లు కరువయ్యారు. ఏటా బయటి రాష్ట్రాల నుంచి వచ్చే డ్రైవర్లు ఎందుకో సగం మందే వచ్చారు. కోతకొచ్చిన పొలాలు అలాగే నిలబడి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే పక్క ఊరి నుంచి బీడీలు చేసే ఒకామె నా దగ్గరికి వచ్చింది. తాను వచ్చినట్టు భర్తకు తెలియకూడదని ముందే మాట తీసుకుంది.

భర్త దుబాయ్‌లో పదకొండేళ్లు మట్టి ఎత్తే షావెల్ మిషన్ నడిపాడు. కంపెనీ మూతపడితే ఇంటికొచ్చాడు. వచ్చిన రోజు ఎవరో పలకరిస్తే చుట్టి మీద వచ్చానన్నాడు. గల్ఫ్‌కు పోయినవాళ్లు సెలవును చుట్టి అంటారు. రెండు నెలల చుట్టి అన్నాడు, తర్వాత వీసా ఆలస్యమైందన్నాడు, ఆ తర్వాత వచ్చే నెల పోతున్నానన్నాడు. అలా మూడేళ్లు గడిచాయి. సెలవులో ఉన్న మనిషి సొంత ఊళ్లో పనికి ఎలా పోతాడు? పోతే అన్నదంతా అబద్ధమని తేలిపోదూ? అందుకని ఆయన ఇల్లు కదలడం లేదు. ఆమె బీడీల మీదే ఇల్లు నడుస్తోంది.

విన్నాక నాకు ఒళ్లు మండింది. మర్నాడే సర్వే అనే నెపంతో వాళ్లింటికి పోయాను. మనిషిని నాలుగు మాటలతో దులిపేయాలనే పోయాను. తీరా చూస్తే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని, ఏ క్షణమైనా బయల్దేరేవాడిలా ఇంట్లో కూర్చుని ఉన్నాడు. లేచి నాకు కుర్చీ వేసి, తాను నిలబడ్డాడు. అనదలచుకున్నవన్నీ మింగేశాను.

పెద్దకొడప్‌గల్ దగ్గర ఒక మిషన్ యజమానికి డ్రైవర్ కావాలని, అటువైపు ఆయన్ను ఎరిగినవాళ్లు ఎవరూ ఉండరని మెల్లగా చెప్పాను. ఆయన ఒకటే అడిగాడు.

"మిషన్ మా ఊరి దిక్కు రాకుంట జూస్తవా చెల్లె?"

చూస్తానన్నాను. అంతే తేలిగ్గా మరిచిపోయాను కూడా.

ఊళ్లో బొంబాయికి వీసా పని మీద పోతున్నానని చెప్పి, బ్యాగు పట్టుకుని వెళ్లిపోయాడు. షావెల్ నడిపిన చేతులకు కోత మిషన్ రెండు రోజుల్లో అలవాటైంది. ఇలాంటివాళ్లు ఇంకో ఇద్దరుంటే పంపమని యజమాని ఫోన్ చేశాడు. నేను పొంగిపోయాను. ఒళ్లు మరిచి పొంగిపోతే ఏం జరుగుతుందో అదే జరిగింది.

పదో రోజు ఆయన సొంత ఊరి నుంచే ఒక అవ్వ ఆఫీసుకొచ్చింది. ఒంటి మనిషి, రెండెకరాల వరి. మబ్బు పడుతోంది, గింజ రాలుతోంది, మిషన్ దొరకడం లేదు. చూడలేక ఆమె ఎదుటే పెద్దకొడప్‌గల్ యజమానికి ఫోన్ చేసి, బతిమాలి, మర్నాటికి మిషన్ పంపేలా ఒప్పించాను. గొప్పగా ఆమెను బస్సెక్కించి వచ్చి, టిఫిన్ డబ్బా విప్పి అన్నం కలుపుకుంటుంటే గుర్తొచ్చింది, ఆ మిషన్ నడిపేది ఎవరో. కలిపిన ముద్ద డబ్బాలోనే వదిలేసి ఫోన్ అందుకున్నాను. ఆయనకు ఎన్నిసార్లు చేసినా కలవలేదు.

పొద్దున్నే స్కూటీ తీశాను. నేను చేరేసరికే మిషన్ అవ్వ పొలం దగ్గర ఆగి ఉంది. యజమాని పంపిస్తే కాదనలేక వచ్చినట్టుంది, ఆయన ఇంజిన్ ఆపేసి, ముఖానికి తువ్వాల చుట్టుకుని సీటు మీదే కూర్చున్నాడు. నన్ను చూసి తువ్వాలను ఇంకాస్త పైకి లాక్కున్నాడు. తిట్టినా బాగుండేది. తప్పు నాదేనని, ఇంకో డ్రైవర్‌ను వెతుకుతానని అన్నాను. ఇంకో డ్రైవర్ ఎక్కడా లేడని ఇద్దరికీ తెలుసు. పడమటి దిక్కు అప్పటికే నల్లబడుతోంది.

అవ్వ నీళ్ల చెంబుతో వచ్చింది. ఆమె వెనకే పక్క పొలాలవాళ్లు నలుగురైదుగురు. ఆయన చెంబు అందుకున్నాడు. తాగాలంటే తువ్వాల తీయాలి. కాసేపు చెంబు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత తువ్వాల తీసి, నీళ్లు తాగి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"నేను చుట్టి మీద రాలేదవ్వా. కంపెనీ మూతవడ్డది. మూడేండ్లాయె."

"ఎర్కే కొడుకా," అంది అవ్వ. "ఊరందరికెర్కే. నువ్వే చెప్తవని ఊకున్నం. ఇగ వాన రాకముందు నడుపు."

వీసా సంగతి మర్యాదగా అడుగుతూ, ఆయన ఏ నెల చెబితే ఆ నెలకు తలూపుతూ, మూడేళ్లు ఆ ఊరు ఆయన పరువు కాపాడింది. వాళ్ల మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందంటే, గట్టున నిలబడ్డ వాళ్లందరికీ దండం పెట్టాలనిపించింది. ఆయన మాత్రం వెంటనే ఇంజిన్ స్టార్ట్ చేశాడు. చినుకు పడకముందే అవ్వ వడ్లు ట్రాలీలోకి చేరాయి. పక్క పొలాలవాళ్లు మా దాంట్లోకి రమ్మంటే మా దాంట్లోకి రమ్మని పోటీ పడ్డారు. మిషన్ ఇంకో రెండు రోజులు తమ ఊళ్లోనే ఉంటుందని ఆయనే యజమానికి ఫోన్ చేసి చెప్పాడు.

మధ్యాహ్నం ఆయన భార్య సద్ది తెచ్చింది. ఆమెకూ క్షమాపణ చెప్పబోతే వినిపించుకోలేదు. గట్టు మీద నా పక్కన కూర్చుని తన ముచ్చట చెప్పింది. ఆ ఊళ్లో ఆడవాళ్లు ఒక అరుగు మీద చేరి, ఒళ్లో చాటలు పెట్టుకుని, కబుర్లాడుకుంటూ బీడీలు చేస్తారు. ఈమె మాత్రం మూడేళ్లుగా ఇంట్లోనే తలుపేసుకుని ఒక్కతే చేస్తోందట. అరుగు మీద కూర్చుంటే మొగుని మాట వస్తుంది, వస్తే అబద్ధం ఆడాలి. నా దగ్గరికి వచ్చిన రోజు ఈ సంగతి చెప్పలేదు. నేనూ అడగలేదు. నా ఫారంలో ఆయన వివరాలు మాత్రమే రాసుకున్నాను.

"రేపటి సంది నేను గూడ అరుగు మీదికి పోత అక్కా," అంది.