దొయిమతి దుంగ వేసిన చైత్రం

తెల్లవారుజామున కుసుమపుట్టు ఊరి నుంచి చూస్తే సిరిమెట్ట కొండ నేల మీద ఉండదు. కింద లోయంతా మంచు నిండిపోయి, ఆ తెల్లదనం మీద కొండ నెత్తి ఒక్కటే, ఎవరో ఆరేసి మరిచిపోయిన గొంగడిలా తేలుతుంటుంది. ఆ వేళ అది ఏ రాష్ట్రానిదో చెప్పడం కష్టం. ఎండెక్కాక ఇంకా కష్టం.

రెండు రాష్ట్రాలూ ఆ కొండ తమదే అంటాయి. అందువల్ల కొండమీది వాళ్ళకు రేషన్ కార్డులు రెండేసి, ఓట్లు రెండేసి, బడులూ రెండు ఉన్నాయి. మాస్టారు మాత్రం ఒక్కరూ లేరు. కిందటేడు చింతపండు కోతల్లో కొండమీది రెండు గూడేలైన పైగుడకూ కిందిగుడకూ కొట్లాటై ఒకతని జబ్బ విరిగితే, రెండు దిక్కుల నుంచీ పోలీసు జీపులు వచ్చాయి. కొండ మాదే గాని కేసు మీదేనని జీపుల్లోవాళ్ళు ఒకరికొకరు మర్యాదగా చెప్పుకుని, టీ తాగి వెళ్ళిపోయారు.

కొండ కింది వాగుకు, అంటే గెడ్డకు ఇవతలున్న కుసుమపుట్టుకు అది పరాయి గడ్డ. అయినా వియ్యాలూ కయ్యాలూ అన్నీ అక్కడే. గొల్లోరి దొయిమతి తన కూతురు నిర్మలను ఇచ్చింది పైగుడలోని గాసికే.

దొయిమతికి కొంచెం కాఫీ తోట, దాని నీడచెట్లకు పాకించిన మిరియాల తీగ, ఎదురులేని గొంతు ఉన్నాయి. ధింసా ఆటలో వరసకు ముందు నెమలీకల కట్ట పట్టుకుని నడిచేది ఆమే. చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని తాగుతూనే మాట్లాడగలదు. ఆమె మాట అందుకే కాస్త కాలి బయటికొస్తుందని ఊళ్ళో అనుకుంటారు.

ఈ ఏడు చింతచెట్లు విరగకాశాయి. కొండమీద గొడ్డళ్ళు నూరుతున్నారని కబురొచ్చింది. కుసుమపుట్టు పెద్దలు కూర్చుని, సిరిమెట్ట మనిషన్నవాడికి మన సంతలో ఉప్పు గల్లు కూడా అమ్మరాదని తీర్మానించబోయారు. వెనక నుంచి దొయిమతి లేచింది.

"ఉప్పాపితే ఎవులి కూర సప్పనౌద్ది? ఆడోళ్ళదీ, పిల్లలదీ. గొడ్డలెత్తినోడు జీలుగు కల్లు తాగి, నంజుడు తిని తొంగుంటాడు. ఆడికి ఉప్పెందుకు?"

"మరేటి సేత్తామే?" అన్నారు పెద్దలు.

"గొడ్డలెత్తినోడినే పట్టండి. ఆడి మేకలు మన మందలో పాలికున్నాయి కదా, ఆటిని కదలనీకండి. ఆడు గెడ్డ దాటి మనూరు రాకూడదు. ధింసా వరసలో ఆడి సెయ్యి ఎవులూ పట్టుకోకూడదు. ఆడి పెళ్ళాం పిల్లల జోలికి మాత్రం ఎల్లొద్దు."

సచివాలయంలో పనిచేసే మాధవి ఇది విని ఆశ్చర్యపోయింది. "పిన్నీ, పెద్ద పెద్ద దేశాలు ఇదే చేస్తాయి. ఎక్కడో తగువు నేల మీద కొట్లాట పెట్టినవాళ్ళ పేర్లు మాత్రం చదివి, వాళ్ళ ఆస్తులు ఆపేసి, దేశంలోకి రానివ్వరు. ఆంక్షలంటారు."

"ఆళ్ళకీ మేకలున్నాయేటి?" అంది దొయిమతి.

మాధవి ఆలోచించి, బ్యాంకుల్లో ఉంటాయంది.

"పాపం, అక్కడ మేతేటుంటది!"

బారికి సోములు, అంటే ఊరి కబుర్లు మోసే మనిషి, కొండెక్కి రెండు గుడల్లోనూ దండోరా వేసి వచ్చాడు. కిందిగుడ వాళ్ళు విన్నారు. పైగుడ మగవాళ్ళు మాత్రం నవ్వి అతనికి కల్లు పోశారు. అతను తిరిగి రావడం ఆలస్యమైంది గాని, రాయబార చరిత్రలో అలాంటివి మామూలే.

మార్చి చివర్లో వాన పడింది. కాఫీ తోటలన్నీ ఒక్కసారిగా తెల్లగా పూసి, ఊరు ఆ వాసనలో సగం నిద్రలోనే పనులు చేసుకుంటోంది. గూడ్సు బండి కూత సొరంగంలోకి పోయి, చాలాసేపటికి వేరే కొండలోంచి వేరే కూతలా వస్తోంది. అట్లాంటి మెత్తటి ఉదయాన సోములు పరిగెత్తుకొచ్చాడు. చింతచెట్టు కింద పైగుడ వాళ్ళు కిందిగుడ మీద పడ్డారట. కిందిగుడ ముసలి బుధు కాలికి గొడ్డలి కామ, అంటే కర్ర పిడి తగిలి, ఎముక చిట్లిందట. చైత్రంలో వచ్చే ఇటుకల పండగ వెళ్ళాక మిగతా చెట్ల దగ్గర తేల్చుకుందామని రెండు గుడలూ అనుకున్నాయట.

"ఎత్తినోళ్ళెవులు?" అన్నారు పెద్దలు.

"ముగ్గురు," అన్నాడు సోములు. తరవాత దొయిమతి వైపు చూసి, గొంతు సవరించుకుని, "సివరి పేరు నుంచి సెప్పమంటావా, అత్తా?" అన్నాడు.

దొయిమతి నోట్లోంచి చుట్ట తీసింది. ఆమె చుట్ట తీసి మాట్లాడడం ఊరు ఎప్పుడూ చూడలేదు.

"మొదట్నించే సెప్పు."

"గాసి," అన్నాడు సోములు.

అల్లుణ్ణి వదిలేస్తే తక్కిన ఇద్దరూ నవ్వుతారు, కొండంతా నవ్వుతుంది. పండగయ్యాక అసలైన గొడ్డళ్ళు లేస్తాయి. వదలకపోతే నిర్మల పుట్టింటి గడప తొక్కుతుందో లేదో. దొయిమతి ఇంటికెళ్ళి గాసి మేకల్ని వేరే కట్టేసింది. అవి ఆమెను నిందగా చూశాయి. మేకలు అందరినీ అలాగే చూస్తాయి గాని, ఆ రోజు ఆమెకు వేరుగా అనిపించింది.

ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్ళు వేటకెళ్ళగా, ఆడవాళ్ళు వాడుక ప్రకారం గెడ్డ ఒడ్డున దారికి అడ్డంగా దుంగ వేసి, వచ్చేపోయే వాళ్ళను ఆపి, పాట పాడి, ఎంతోకొంత పుచ్చుకుని వదులుతున్నారు. జీపులో వచ్చిన పర్యాటకులు తామే ముచ్చటపడి ఆగారు. మూడోజాము వేళ పొగమంచులోంచి గాసి దిగాడు, కొత్త తువ్వాలు, భుజం మీద పిల్ల. వెనక నిర్మల.

"అత్తా, దుంగ తియ్యి."

"నువ్వెవులు?"

"అదేటి, అల్లుణ్ణి!"

"అల్లుడు గాసైతే మా ఇంటోడే. గొడ్డలి గాసికి దారి లేదు."

ఆడవాళ్ళు పాట ఆపేశారు. నిర్మల ముందుకొచ్చింది. "నాకూ బందేనేటి, అమ్మా?"

"నీకు లేదు. గుంటకి లేదు. దాటి రండి."

"ఈడినొగ్గీసి నాను పండగెలా సేసుకుంటాననుకున్నావు?"

నిర్మల పిల్లను తల్లికి అందించింది. తను మాత్రం దుంగ మీదే కూర్చుంది, ఒక కాలు అటు, ఒక కాలు ఇటు. రెండు రాష్ట్రాలు ఇన్నేళ్ళుగా కొండ మీద కూర్చున్నట్టే. దొయిమతి మనవరాల్ని ఎత్తుకుని ముఖం తిప్పుకుంది. నెమలీకలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మంచు పడకుండానేనని అందరూ ఒప్పుకున్నారు.

డప్పు మోగింది, వరస కదిలింది. దుంగకు అవతల గాసి గట్టు మీద చతికిలబడ్డాడు. మంచులో ఆడవాళ్ళ వరస పాములా వంకరలు తిరుగుతూ కనిపించి, మాయమై, మళ్ళీ కనిపిస్తోంది. గాసి పాదం దానంతటదే తాళం వేస్తోంది. అతను దాన్ని ఇంకో కాలితో తొక్కిపెట్టాడు. కాసేపటికి రెండో కాలూ మొదలెట్టింది.

పొద్దు వాలకముందే అతను కొండెక్కాడు. నిర్మల మాత్రం రాత్రి కూడా దుంగ దిగలేదు. జరిగింది విన్న తక్కిన ఇద్దరూ, "అల్లుడికే తియ్యనిది మనకి తీత్తదేటి?" అనుకుని, కుసుమపుట్టు మందలో ఆగిపోయిన తమ మేకల సంగతి తలుచుకున్నారు. ముగ్గురూ కలిసి కిందిగుడకు నడిచారు.

మర్నాడు మంచు విడవకముందే వాళ్ళు గెడ్డ దగ్గరికి వచ్చారు. డోలీలో ముసలి బుధును మోసుకొచ్చారు. కామ విసిరిన గాసి ముందువైపు మోస్తున్నాడు.

"తియ్యవే దొయిమతీ," అన్నాడు బుధు డోలీలోంచి. "రాత్తిరంతా నా వాకిట్లో కూకున్నారు. తప్పైపోనాదని ఒకడు, నీళ్ళు తెత్తానని ఒకడు. నాకు నిద్దర్లేదు. మిగిలిన సెట్లు రెండు గుడలోళ్ళం కలిసి దులుపుకుంటాం. ఒప్పీసుకున్నాం."

"గొడ్డళ్ళో?"

"కర్రలతోనే దులుపుతాం, అత్తా," అన్నాడు గాసి.

నిర్మల దుంగ మీంచి లేచింది. దొయిమతి ఒక కొస పట్టుకుంది. ఒక్కతే ఎత్తలేకపోయింది. "సూత్తావేటి, అల్లుడా? ఆ కొస పట్టు బేగి!"

దుంగ లేచింది. డోలీని నీడలో దించి, గాసి తువ్వాలు నడుముకు బిగించి నేరుగా వరస దగ్గరికి వెళ్ళాడు. ఎక్కడ నిలబడాలని అడిగాడు. దొయిమతి నెమలీకలతో తోక చివర చూపించింది. వరస వంకర తిరిగినప్పుడల్లా అందరికంటే ఎక్కువ దూరం పరిగెత్తాల్సింది అక్కడి మనిషే. నిర్మల వెళ్ళి అతని చెయ్యి పట్టుకుంది. దొయిమతి చుట్ట నోట్లో పెట్టుకుని, ఆ పూట మామూలు కంటే చాలా వేగంగా, చాలా వంకరలు తిప్పింది.